ఊపిరితిత్తి ముడుచుకుపోతే: లక్షణం నుంచి చికిత్స దాకా

సమస్య: ఉన్నట్టుండి ఛాతీలో ఒక పక్క పొడిచినట్టు నొప్పి, ఆయాసం

బరువులెత్తితేనో పరిగెత్తితేనో వస్తుందనుకోకండి, ఊరికే కూర్చున్నప్పుడూ రావచ్చు. ఊపిరి పీల్చినప్పుడల్లా నొప్పి ఎక్కువవుతుంది. కొందరికి భుజం దాకా పాకుతుంది, పొడి దగ్గు కూడా ఉంటుంది. చాలామంది గ్యాస్ అనో, కండరం పట్టేసిందనో అనుకుని పడుకుంటారు. నాకు భయం అక్కడే. ఒకటి రెండు రోజుల్లో నొప్పి దానంతటదే సర్దుకోవచ్చు, ఊపిరితిత్తి మాత్రం ముడుచుకునే ఉండవచ్చు. నొప్పి తగ్గింది కదా అని ఎక్స్-రే మానుకోకండి.

కారణం

ఊపిరితిత్తిని, ఛాతీ గోడను అంటిపెట్టుకుని రెండు పల్చటి పొరలుంటాయి. వాటి మధ్య పీడనం బయటి గాలి కంటే తక్కువ. ఆ లాగుడు వల్లే ఊపిరితిత్తి విచ్చుకుని ఉంటుంది. ఆ సందులోకి గాలి చేరితే లాగుడు పోయి ముడుచుకుంటుంది. డాక్టర్లు దీన్ని న్యుమోథొరాక్స్ అంటారు.

పొడవుగా, సన్నగా ఉండే యువకుల్లో ఊపిరితిత్తి పైకొనన ఉన్న చిన్న గాలి బొబ్బ పగిలి రావడం మామూలు. పొగ తాగేవాళ్లకు ముప్పు చాలా ఎక్కువ. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసపెట్టే జబ్బు), టీబీ లాంటి జబ్బులున్నవాళ్లకు కొద్దిగా ముడుచుకున్నా ఆయాసం తీవ్రంగా ఉంటుంది. విరిగిన పక్కటెముక గుచ్చుకున్నా, కత్తిపోటు తగిలినా ఇదే జరుగుతుంది.

పరిష్కారం

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటి నొప్పి గుండెపోటులోనూ రావచ్చు, ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. గాలి కొద్దిగానే ఉండి ఆయాసం లేకపోతే, డాక్టర్లు మళ్లీ ఎక్స్-రే తీస్తూ కనిపెట్టి ఉంటారు. శరీరమే ఆ గాలిని మెల్లగా పీల్చుకుంటుంది. ఆయాసం ఉంటే సూదితో గాలి లాగేస్తారు, లేదా పక్కటెముకల మధ్య నుంచి ట్యూబ్ వేస్తారు.

ట్యూబ్ వేశాక వచ్చే సందేహాలు

ట్యూబ్ బయటి కొన నీళ్లున్న సీసాలో మునిగి ఉంటుంది. ఆ సీసాలో బుడగలు వస్తున్నాయంటే సాధారణంగా లోపలి గాలి బయటికి పోతున్నట్టే. ఆ సమయంలో ట్యూబ్‌ను క్లిప్పుతో మూసేస్తే గాలి లోపలే పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. రోజులు గడిచినా బుడగలు ఆగకపోతే చిల్లు ఇంకా మూసుకోలేదని అర్థం, అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఊపిరితో పాటు ట్యూబ్‌లో నీరు పైకీ కిందికీ ఆడటం ఆగితే రెండు అర్థాలున్నాయి: ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉండాలి, లేదా ట్యూబ్ మడతపడి మూసుకుపోయి ఉండాలి. నర్సును పిలవండి. సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి, నిటారుగా.

సమస్య: పెదవులు నీలంగా మారడం, మెడ నరాలు ఉబ్బడం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం

చిల్లు ఒకవైపే తెరుచుకునే తలుపులా మారి, చేరిన గాలి బయటికి పోకపోతే ఇలా అవుతుంది. పెరిగే ఒత్తిడి గుండెను అవతలి పక్కకు నెట్టి, దానిలోకి రక్తం రాకుండా అడ్డుకుంటుంది. దీన్ని టెన్షన్ న్యుమోథొరాక్స్ అంటారు. లక్షణాలు స్పష్టంగా ఉంటే డాక్టర్లు ఎక్స్-రే కోసం ఆగరు, వెంటనే సూది గుచ్చి గాలి వదిలేస్తారు, తర్వాత ట్యూబ్ వేస్తారు. మీరు చేయాల్సింది ఆలస్యం లేకుండా అంబులెన్స్ పిలవడం. కూర్చుంటే ఊపిరి తేలికగా ఉంటే కూర్చోబెట్టండి. ఛాతీలో దిగిన వస్తువును లాగకండి, గాయాన్ని గాలి ఆడకుండా బిగించకండి.

మళ్లీ వస్తుందా?

మొదటిసారి వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. పదేపదే వస్తే బొబ్బలు తీసేసి, పొరలు రెండూ అతుక్కునేలా చేస్తారు. సిగరెట్ మానేయడం మీ చేతిలో ఉన్న అతిపెద్ద మందు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్-రేలో తేలాక కూడా కనీసం వారం ఆగి, డాక్టర్ సరేనన్నాకే విమానం ఎక్కండి. స్కూబా డైవింగ్ మాత్రం ఆపరేషన్ చేయించుకుని, నిపుణులు ఒప్పుకుంటే తప్ప జీవితాంతం వద్దు.