నెల్లూరు బిడ్డను రేసు ట్రాక్ ఎక్కించాలంటే

పిల్లవాడు రేసింగ్ డ్రైవర్ అవుతానని పట్టుబట్టినప్పుడు తల్లిదండ్రులు ముందుగా చేయవలసిన పని, వాడిని ఇంట్లోని కారుకు దూరంగా ఉంచి కార్ట్‌లో, అంటే ట్రాక్ మీద నడిపే పైకప్పు లేని చిన్న రేసు బండిలో, కూర్చోబెట్టడం. కావలి వైపు హైవే మీద ఎంత వేగంగా పోయినా దానివల్ల అబ్బే విద్య ఏమీ లేదు, పైగా అది నేరం.

జర్మనీకి చెందిన ఫార్ములా వన్ డ్రైవర్ మైకేల్ షూమాకర్ సంపాదించిన 7 ప్రపంచ టైటిళ్లకూ మొదలు కార్టే. తాపీమేస్త్రీ అయిన తండ్రి, నాలుగేళ్ల కొడుకు తొక్కుడు కార్ట్‌కు మోటార్ సైకిల్ ఇంజను బిగించి ఇచ్చాడు. కొత్త ఇంజను కొనే స్తోమత ఆ ఇంటికి లేకపోవడంతో స్థానిక వ్యాపారులు ఆదుకున్నారు. 1991లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టేనాటికి ఆయన వెనుక పదిహేనేళ్లకు పైబడిన సాధన ఉంది.

మన జిల్లా వారికి అందుబాటులో ఉన్న పెద్ద ట్రాక్, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ సర్క్యూట్. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా నెల్లూరు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. ఒంగోలు వారికి మరో రెండు గంటలు పడుతుంది. అయితే మొదటి నెలల్లో ఆ ట్రాక్ అవసరం లేదు, చెన్నైలో అద్దెకిచ్చే కార్ట్‌లే చాలు.

అక్కడ నేర్చుకోవలసిన అసలు విద్య బ్రేకు. కార్ట్‌కు డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక, ఉండదు. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి కనుక, మలుపులో లోపలి వెనుక చక్రం కాస్త పైకి లేవకపోతే బండి ఈడ్చుకుపోయి వేగం కోల్పోతుంది. పైగా చాలా కార్ట్‌లలో బ్రేకు వెనుక ఇరుసుకే ఉంటుంది. మలుపులో ఉండగా గట్టిగా తొక్కితే బండి గిర్రున తిరిగిపోతుంది. అందువల్ల తిన్నగా పోతున్నప్పుడే బ్రేకు వేసి, పాదం తీస్తూ స్టీరింగ్ తిప్పి, చూపును మలుపు చివరికి పంపడం అలవాటు చేయించాలి. ప్రతి ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) సమయాన్నీ నోటు పుస్తకంలో రాయించండి. ఒక్క మెరుపు ల్యాప్ కన్నా పది ల్యాపులు దాదాపు ఒకే సమయంలో వచ్చాయా అన్నదే నా దృష్టిలో సరైన కొలత.

జాతీయ పోటీలకు మన దేశంలో మోటార్ క్రీడలను నడిపే సమాఖ్య ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. హెల్మెట్, మెడ పట్టీ, పక్కటెముకల కవచం విషయంలో పొదుపు పనికిరాదు. సొంత కార్ట్ కొనడాన్ని మాత్రం ఎంత వాయిదా వేస్తే అంత మేలు. ఆపై మెట్టు ఫార్ములా కార్లు, అంటే ఒకే సీటుండే రేసు కార్లు. కోయంబత్తూరు నుంచి వచ్చిన నరేన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ అనే రేసింగ్ జట్టుతో తొలి భారతీయ ఫార్ములా వన్ డ్రైవర్ కావడానికి ముందు బ్రిటన్‌లోనూ జపాన్‌లోనూ పోటీపడ్డాడు. ఆ దశలో ఖర్చు ఒక కుటుంబం భరించగలిగేది కాదు గనుక, ఫలితాలు రావడం మొదలైన నాటి నుంచే స్పాన్సర్లను వెతకాలి.

ఫార్ములా వన్‌కు కావలసిన సూపర్ లైసెన్సుకు సాధారణంగా 18 ఏళ్లు నిండాలి, కింది స్థాయి పోటీల్లో 40 పాయింట్లు కూడబెట్టాలి. ఒకప్పుడు వీటితోపాటు మామూలు డ్రైవింగ్ లైసెన్సు కూడా చూపవలసి వచ్చేది. ఎంతటి ఛాంపియన్‌కైనా ఆర్టీవో ఆఫీసు గడప తప్పేది కాదన్నమాట.