అరకు ఘాట్ ఎక్కే ముందు పిల్లల కడుపు సంగతి

విశాఖపట్నం నుంచి చిన్న పిల్లలతో కారులో అరకు వెళ్లేవారు, దారిలో ఎక్కడెక్కడ ఆగాలన్నదానికన్నా ముందు పిల్లలకు పొద్దున ఏం పెట్టాలన్నది ఆలోచించుకోవడం మంచిది. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ మలుపులలో, శరీరం కదులుతోందని లోపలి చెవి చెబుతుంటే, ఫోనులో బొమ్మలు చూస్తున్న కళ్లు అదేమీ లేదని వాదిస్తాయి; ఈ తగవు చాలాసార్లు వాంతితోనే తీరుతుంది. 2 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లలకు ఈ బాధ ఎక్కువ.

అందువల్ల నూనె ఓడే పూరీలకు బదులు ఒకటి రెండు ఇడ్లీలు పెట్టి, ఘాట్ మొదలు కాకముందే ఫోను దాచేసి, అద్దం కొద్దిగా దించి, దూరంగా కనిపించే కొండలను చూపిస్తూ ఉండాలి. పూర్తిగా ఖాళీ కడుపు కూడా పనికిరాదు. అనంతగిరి కాఫీ తోటలలో సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలను ఎవరు ముందు కనిపెడతారో పందెం వేస్తే పిల్లల చూపు బయటే ఉంటుంది (పందెంలో పెద్దలు ఓడిపోవడం తప్పనిసరి). గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర కాసేపు దింపి నడిపించాలి. వాంతుల మందు వేయాలనుకుంటే ముందుగానే పిల్లల డాక్టరును అడగాలి.

కవర్లు, తడి గుడ్డ, ఒక జత బట్టలు డిక్కీలో కాకుండా చేతికందేలా ఉంచుకోవాలి. పక్కన కూర్చునే పెద్దవారికి కూడా ఒక చొక్కా అదనంగా పెట్టుకోవడం వివేకం.