కాంబినేషన్‌ను వెతకడం – 4వ పాఠం: మంత్రి అడ్డు తొలగినప్పుడు

గత పాఠంలో 1858లో పారిస్‌లోని ఒపేరా భవనంలో పాల్ మార్ఫీ ఆడిన చదరంగం ఆట ముగింపును పరిశీలించాము. మంత్రిని బి8 గడిలో బలి ఇచ్చి, డి7లో ఉన్న గుర్రాన్ని అక్కడి నుంచి కదిలించి, ఏనుగును డి8లో దించి ఆట కట్టించిన ఆ చివరి దృశ్యాన్ని ఈ పాఠం పూర్తయ్యే వరకు మనసులో నిలుపుకోవలసిందిగా కోరుతున్నాను. డి8లో ఏనుగు, దానికి దన్నుగా జి5లో శకటు, తన సొంత బలగమే గోడ కట్టినట్లు ఎఫ్8, ఎఫ్7 గడులను మూసివేయగా ఇ8లో చిక్కుకుపోయిన నల్లరాజు – ఇదీ ఆ దృశ్యం. (శకటును కొందరు ఒంటె అంటారు. ఏ పేరుతో పిలిచినా అది మూలవాటంగా నడిచే పావే.)

ఈ వారం తీసుకున్న ఆట 1910లో వియన్నాలో రిచర్డ్ రేటి, సావియెల్లీ టార్టకోవర్‌ల మధ్య జరిగినది. ఇది టోర్నమెంటు ఆట కాదు, సరదాగా ఆడుకున్న ఆట. రేటిది తెలుపు. బల్లపై పావులను పేర్చుకుని ఈ ఎత్తులను ఒక్కొక్కటిగా వేయండి (× అంటే ఆ గడిలోని పావును తీసుకోవడం; పావు పేరు లేనిచోట కదిలేది బంటు).

1. ఇ4 సి6 2. డి4 డి5 3. గుర్రం సి3, డి×ఇ4 4. గుర్రం×ఇ4, గుర్రం ఎఫ్6 5. మంత్రి డి3, ఇ5 6. డి×ఇ5, మంత్రి ఏ5 చెక్ 7. శకటు డి2, మంత్రి×ఇ5 8. మంత్రి వైపు క్యాస్లింగ్ (ఒకే ఎత్తులో రాజు సి1కు, ఏనుగు డి1కు), గుర్రం×ఇ4.

ఇక్కడ ఆగి లెక్క చూసుకోండి. ఎనిమిదో ఎత్తులో తెలుపు తన ఇ4 గుర్రాన్ని కాపాడుకోకుండా క్యాస్లింగ్ చేసింది. నలుపు ఆ గుర్రాన్ని తీసుకుంది. తెలుపు మంత్రితో ఇ4 గుర్రాన్ని తీసుకుంటే, ఇ5లోని నల్లమంత్రి ఆ మంత్రినే తీసేస్తుంది. ఏనుగును ఇ1కు జరిపి, తరువాత ఎఫ్3 బంటుతో ఆ గుర్రాన్ని పీడించవచ్చు. అది తప్పు ఎత్తు కాదు, పోయినదాన్ని రాబట్టుకునే ప్రయత్నం. చాలామంది ఆటగాళ్ళు ఈ రెండు ఎత్తులు చూసి అక్కడితో వెతకడం మానేస్తారు. పావు పోయిందన్న బెంగ కళ్ళను ఆ పావు చుట్టూనే తిప్పుతుంది కనుక, ఇటువంటి స్థితిలో ముందుగా ఇ4 మీద నుంచి చూపు తిప్పి ఎదుటి రాజు మీద పెట్టాలి.

నల్లరాజు ఇ8లో ఉంది. ఎఫ్8లో సొంత శకటు, ఎఫ్7లో సొంత బంటు కదలకుండా ఉన్నాయి. తెలుపు ఏనుగు డి1లో ఉంది. డి2లోని శకటుకు జి5 వరకు దారి తెరిచే ఉంది. గత పాఠంలోని దృశ్యానికి కావలసిన సామగ్రి అంతా బల్ల మీదే ఉంది. లేనిది డి నిలువు వరుస ఖాళీగా ఉండటం ఒక్కటే. ఆ వరుసలో అడ్డంగా నిలబడినవి రెండూ మన పావులే: డి2లో శకటు, డి3లో మంత్రి.

శకటును ముందుగా తప్పిస్తే సరిపోతుందా? 9. శకటు జి5 వేసి చూడండి. మంత్రి డి8కి దిగి ఆట కట్టిస్తుందన్న బెదిరింపు నిజంగానే ఉంది. నలుపు గుర్రంతో శకటును తీసుకుంటే మంత్రి డి8తో అక్కడికక్కడే ఆట ముగుస్తుంది. కాని నలుపు మంత్రితో తీసుకుంటుంది. అలా తీసుకోవడం సి1లోని తెల్లరాజుకు చెక్ కూడా అవుతుంది. పైగా జి5కు వచ్చిన నల్లమంత్రి డి8 గడికి కాపలా కాస్తుంది. అందువల్ల ఈ క్రమం పనికిరాదు.

ముందుగా తప్పుకోవలసింది మంత్రి. అయితే అది ఎదుటివాడికి ఒక్క ఎత్తు తీరిక కూడా ఇవ్వకుండా తప్పుకోవాలి, అంటే చెక్ ఇస్తూ కదలాలి. ఈ విధంగా ఆలోచన ఒక్కో మెట్టు దిగినప్పుడు 9. మంత్రి డి8 చెక్ అన్న ఎత్తు మెరుపులా తట్టినదిగా కాక, మిగిలిన తలుపులన్నీ మూసుకున్నాక తెరిచి ఉన్న ఒకే తలుపుగా కనిపిస్తుంది. రాజు ఆ మంత్రిని తీసుకోక తప్పదు. డి7, ఇ7 రెండూ మంత్రి దెబ్బలో ఉన్నాయి, మరే నల్లపావూ డి8ని అందుకోలేదు. మార్ఫీ ఆటలో మంత్రి బలి కాపలా గుర్రాన్ని పక్కకు లాగింది. ఇక్కడ రాజునే ఏనుగు ఎదుటికి లాగుతున్నది. రెండింటినీ ఒకే పేరుతో పిలవకండి, ఎందుకంటే వెతికే పద్ధతి వేరు: మొదటి దానిలో ఎవరు కాపలా కాస్తున్నారని అడుగుతాము, రెండవ దానిలో రాజు ఏ గడికి వస్తే మనకు లాభమని అడుగుతాము.

9... రాజు×డి8. ఇప్పుడు డి2లోని శకటు ఎటు కదిలినా ఏనుగు చెక్ బయటపడుతుంది. శకటు కూడా చెక్ ఇచ్చే గడికి వెళితే అది జంట చెక్ అవుతుంది. అటువంటి గడులు రెండున్నాయి: జి5, ఏ5. మొదటిసారి ఈ ఆటను బల్ల మీద పెట్టుకున్న రోజుల్లో, జి5ను నల్లమంత్రి, ఇ4 గుర్రం రెండూ చూస్తున్నాయి కదా అని భయపడి నేను శకటును ఏ5లో పెట్టాను. ఆ భయానికి అర్థం లేదు. జంట చెక్‌లో ఒక పావును తీసుకున్నా రెండవది ఇస్తున్న చెక్ అలాగే ఉంటుంది కాబట్టి, రాజు కదలడం తప్ప వేరే జవాబు ఉండదు. మంత్రి, గుర్రం ఎంత దగ్గరగా ఉన్నా ఆ ఒక్క ఎత్తుకు చేతులు కట్టుకుని చూడవలసిందే.

10. శకటు ఏ5 ఆడితే రాజు ఇ7కు తప్పుకుంటుంది, తెలుపు చేతిలో మంత్రీ ఉండదు, దాడీ ఉండదు. 10. శకటు జి5 ఆడితే అదే ఇ7 గడి శకటు దెబ్బలో ఉంటుంది. రాజుకు మిగిలేవి రెండు గడులు. ఇ8కి వెనక్కు పోతే 11. ఏనుగు డి8తో ఆట కట్టు, గత పాఠంలోని దృశ్యం అచ్చంగా అదే. అసలు ఆటలో టార్టకోవర్ 10... రాజు సి7 ఆడాడు, రేటి 11. శకటు డి8తో ఆట కట్టించాడు. ఈ రెండవ ముగింపును ఒక్కో గడి చొప్పున సరిచూడండి. శకటుకు ఏనుగు దన్ను ఉంది. డి7, డి6 గడులు ఏనుగు చేతిలో ఉన్నాయి. బి6 శకటు చూపు సాగే గీత మీదే ఉంది. బి8, సి8, బి7, సి6 గడులను నలుపు సొంత పావులే నింపి ఉంచాయి.

ఇలా చివరి గడి వరకు చూడనిదే మంత్రిని చేతిలోంచి వదలకండి. ఏ5కూ జి5కూ మధ్య ఉన్న తేడా ఒక్క ఇ7 గడి మాత్రమే. విశ్లేషణలో ఎక్కువ సమయం కేటాయించవలసింది ఇలాంటి కవల ఎత్తుల మీదే.

ఈ వారం అభ్యాసం. తొమ్మిదో ఎత్తుకు ముందున్న స్థితిలో రెండు మార్పులను విడివిడిగా చేసి చూడండి. మొదటి దానిలో నలుపు హెచ్7 బంటును హెచ్6లో పెట్టండి. జి5కు వచ్చే శకటును ఆ బంటు కొట్టగలదు కనుక కాంబినేషన్ చెడుతుందా? రెండవ దానిలో ఎఫ్8 శకటును ఇ7లో పెట్టండి. మంత్రి డి8 చెక్ ఇచ్చినప్పుడు నలుపుకు ఎన్ని జవాబులున్నాయో, ప్రతి జవాబు తరువాత ఏమవుతుందో పావులను కదపకుండా కాగితం మీద రాయండి. జవాబులను తరువాతి పాఠం మొదట్లో చూద్దాము. ఆ పాఠంలో 1889లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బావర్ మీద లాస్కర్ రెండు శకటులను వరుసగా బలి ఇచ్చిన ఆటను తీసుకుంటాము.