ట్రేడ్ డెడ్‌లైన్ ముందు టీమ్ తడబడుతోందా? డిఫెన్స్‌మన్‌ని కొనే ముందు గోలీని (గోల్‌కీపర్‌ని) చూడండి

టొరంటోలో ఫ్రెండ్స్‌తో కలిసి పదకొండేళ్ళుగా ఐస్ హాకీ జీఎం సిమ్ లీగ్ (ఒక్కొక్కరూ మేనేజర్‌గా ఒక టీమ్‌ని నడిపే ఊహా ఆట) నడుపుతున్నా. ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, ట్రేడ్‌లకి (ఆటగాళ్ళ మార్పిడికి) ఆఖరి తేదీ, అంటే డెడ్‌లైన్, దగ్గర పడుతుంది, టేబుల్‌లో పైనున్న వాళ్ళందరిదీ ఒకటే కంగారు, "ట్రేడ్ చేయాలా వద్దా అన్నా" అని. మాటలు ముందే చెప్పేస్తున్నా: క్యాప్ అంటే టీమ్ మొత్తం జీతాల మీద పరిమితి, పిక్ అంటే డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాడిని ఎంచుకునే హక్కు, రెంటల్ అంటే ఈ సీజన్‌తో కాంట్రాక్ట్ అయిపోయే ఆటగాడు.

సమస్య: ఉన్నట్టుండి గోల్స్ ఎక్కువ పడుతున్నాయి

అందరూ చెప్పే కారణం డిఫెన్స్ వీక్ అని. వెంటనే ఫస్ట్ రౌండ్ పిక్ పట్టుకుని బజారుకి బయల్దేరతారు. దయచేసి ఆగండి. ముందు మీ మీద పడుతున్న షాట్లు లెక్కపెట్టండి, ఫైవ్ ఆన్ ఫైవ్‌లో (గోలీలు కాక ఇరువైపులా ఐదుగురేసి ఉన్నప్పుడు), డిసెంబర్‌లో ఎన్ని, ఇప్పుడెన్ని. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు, ప్రతి ఏడూ చెప్తూనే ఉన్నా.

షాట్లు అన్నే ఉండి, దగ్గర్నుంచి వచ్చే ఛాన్సులు కూడా పెరగకుండా, గోల్స్ మాత్రమే పెరిగితే సంగతి గోలీ దగ్గర ఉంది. మ్యాచ్‌కి 30 షాట్లు అనుకోండి, సేవ్ పర్సంటేజ్ (వచ్చిన షాట్లలో గోలీ ఆపినవి ఎంత వంతో) .915 నుంచి .885కి దిగితే మ్యాచ్‌కి దాదాపు ఒక గోల్ అదనంగా పడుతుంది. చూసేవాడికి మాత్రం డిఫెన్సే చిల్లులు పడ్డట్టు కనిపిస్తుంది, ఎందుకంటే గోల్ పడిన ప్రతిసారీ రీప్లేలో ఎవడో ఒక డిఫెన్స్‌మన్ పక్కనే నిలబడి ఉంటాడు కదా.

నేనూ ఇక్కడే దెబ్బతిన్నా. మూడు వారాలు వరసగా ఓడిపోయి, డిఫెన్సే అని తీర్మానించేసుకుని, చేతిలో ఉన్న బెస్ట్ కుర్రాడిని ఇచ్చి ముప్పై నాలుగేళ్ళ డిఫెన్స్‌మన్‌ని తెచ్చుకున్నా, అయినా గోల్స్ ఆగలేదు, తీరా చూస్తే బ్యాకప్ గోలీకి ఒక్క మ్యాచ్ కూడా ఇవ్వకుండా మెయిన్ గోలీని 22 మ్యాచ్‌లు వరసగా ఆడించా, వాడు అలిసిపోయి ఉన్నాడు. నాలుగు మ్యాచ్‌లు రెస్ట్ ఇస్తే కుదురుకున్నాడు. ఆ కుర్రాడు ఇప్పటికీ వేరేవాళ్ళ టీమ్‌లో గోల్స్ కొడుతున్నాడు, చూసినప్పుడల్లా కడుపు మండిపోతుంది.

అసలు ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో) చూడాలంటే 2019 సెయింట్ లూయిస్ టీమ్. జనవరి 3 పొద్దున లేచేసరికి లీగ్ మొత్తానికి ఆఖర్న ఉన్నారు. ఉన్న ఆటగాళ్ళని ట్రేడ్‌లో అమ్మేయాలన్న మాటలు కూడా వచ్చాయి. జనవరి 7న గోలీ జోర్డన్ బిన్నింగ్టన్‌కి మొదటి స్టార్ట్ ఇస్తే ఫిలడెల్ఫియాలో షటౌట్ చేశాడు, ఒక్క గోల్ పడనివ్వలేదు. నవంబర్‌లోనే కోచ్ మారి క్రెయిగ్ బెరూబే వచ్చాడు, ఆ క్రెడిట్ ఆయనకివ్వాల్సిందే. కానీ డెడ్‌లైన్‌లో వాళ్ళు పెద్ద ట్రేడ్ ఏదీ చేయలేదు, ఉన్న డిఫెన్స్‌తోనే జూన్‌లో స్టాన్లీ కప్పు (లీగ్ ట్రోఫీ) ఎత్తారు.

ఇదే జబ్బు తలకిందులుగా కూడా వస్తుంది, అది ఇంకా ప్రమాదం. 2013-14లో మా టొరంటో టీమ్ లీఫ్స్ మీద మ్యాచ్‌కి 36 దగ్గర షాట్లు పడేవి, గోలీ జొనాథన్ బెర్నియే ఆపేస్తున్నాడు కాబట్టి అందరం టీమ్ బాగుందనే నమ్మాం, నేనైతే ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ పోటీలు) టికెట్ల గురించి మాట్లాడటం కూడా మొదలెట్టేశా. మార్చిలో అతనికి దెబ్బ తగిలింది. ఆఖరి 14 మ్యాచ్‌లలో 12 ఓడి ప్లేఆఫ్స్‌కే వెళ్ళలేదు. మీ టీమ్ గెలుస్తున్నా సరే షాట్లలో ప్రతి రాత్రీ వెనకబడుతుంటే మీరు కప్పు గెలిచే కంటెండర్ కాదు, పిక్స్ దాచుకోండి.

ఏం చేయాలంటే, షాట్లు మారకపోతే గోలీకి విశ్రాంతి ఇవ్వండి, దెబ్బ తగిలిందేమో కనుక్కోండి, అప్పటికీ కుదరకపోతే గోలీ కోసమే వెతకండి. షాట్లు నిజంగా పెరిగాయి, ఇంజురీలు కూడా లేవు అంటే అప్పుడు డిఫెన్స్‌మన్.

సమస్య: షాట్లు కొడుతున్నాం, గోల్స్ రావట్లేదు

చాలాసార్లు ఇది దానంతటదే సర్దుకుంటుంది. ఫినిషర్ (ఛాన్సుల్ని గోల్స్‌గా మార్చేవాడు) లేడని సీజన్ మొత్తం చూసి తేలితే ఒక్కణ్ణి తెచ్చుకోండి, చాలు. 2012లో లాస్ ఏంజెలెస్ గోల్స్‌లో లీగ్‌లో 29వ స్థానం, జాక్ జాన్సన్‌నీ ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌నీ ఇచ్చి జెఫ్ కార్టర్‌ని తెచ్చారు, ఎనిమిదో సీడ్‌గా వెళ్ళి కప్పు కొట్టారు. అదే 2013లో వాషింగ్టన్ మార్టిన్ ఎరాట్ కోసం ఫిలిప్ ఫోర్స్‌బర్గ్‌ని ఇచ్చేసి మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్ళింది, ఫోర్స్‌బర్గ్ నాష్‌విల్ చరిత్రలోనే ఎక్కువ గోల్స్ కొట్టినోడయ్యాడు. మీరిచ్చే కుర్రాడు ఎవరో ఒకటికి పదిసార్లు చూసుకోండి.

సమస్య: సీజనంతా గెలిచి ప్లేఆఫ్స్‌లో ఢమాల్

స్టార్ కోసం కాదు, మూడో లైన్ (ముగ్గురేసి ఆడే ఫార్వర్డ్‌లలో మూడో జట్టు) కోసం చూడండి. టాంపా బే 2019లో 62 మ్యాచ్‌లు గెలిచి, 128 పాయింట్లు తెచ్చుకుని, కొలంబస్ చేతిలో 4-0తో పోయింది. మరుసటి ఏడాది బ్లేక్ కోల్‌మన్‌నీ బార్క్లే గుడ్రోనీ తెచ్చి యానీ గోర్డ్‌కి అటూ ఇటూ పెట్టారు, 2020, 2021 రెండు కప్పులూ వాళ్ళవే. ధర ఎక్కువే, ఇద్దరికీ ఫస్ట్ రౌండ్ పిక్స్ పోయాయి, కానీ ఇద్దరూ తక్కువ జీతం వాళ్ళు, ఇంకో ఏడాది కాంట్రాక్ట్ కూడా ఉంది. రెంటల్‌కి ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

మిగతావి

డ్రెస్సింగ్ రూమ్ గొడవలు, ట్రావెల్ షెడ్యూల్, రిఫరీలు, వీటికి ట్రేడ్ మందు కాదు, వదిలేయండి. క్యాప్ ఒక్కటి చూసుకోండి, 2021లో టాంపా బే కూచెరోవ్‌ని సీజనంతా ఇంజురీ లిస్ట్‌లో ఉంచి ప్లేఆఫ్స్‌లో దింపినట్టు ఇప్పుడు క్యాప్ దాటలేరు, 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌లోనూ క్యాప్ ఉంది. మా లీగ్‌లోనూ అదే రూల్ పెట్టేశా, కాబట్టి ట్రేడ్ పంపే ముందు ఆ రాత్రి ఆడే 20 మంది జీతాలు కూడి చూసుకుని పంపండి.