కాటా దగ్గర విశ్వాసి

భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో పదహారేళ్లుగా చెరువు రైతుల దగ్గర రొయ్యలు కొంటున్నాను, కంపెనీకి ఏజెంటుగా. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మా క్రైస్తవ సంఘం కుర్రాళ్లు అడిగేది ఒకటే. "అన్నయ్యా, ఈ లోకస్థుల మధ్య తిరుగుతూ ప్రత్యేకంగా ఎలా ఉండాలి?"

ముందు కాటా దగ్గర సరిగ్గా ఉండు తమ్ముడూ, మిగతావి తర్వాత.

రొయ్య ధర కౌంటును బట్టి ఉంటుంది. కిలోకి 50 రొయ్యలు తూగితే 50 కౌంటు, 100 తూగితే 100 కౌంటు. కౌంటు పెరిగితే రైతుకి ధర తగ్గుతుంది. అంటే శాంపిల్ తీసే చేతిదే పెత్తనం. తెల్లవారుజామున టార్చిలైటు వెలుగులో చిన్నవి ఏరి లెక్కేస్తే ఎవడు చూస్తాడు? మొదటి ఏడాది ఒక రైతు దగ్గర నేనూ చేశాను. ఆ ఆదివారం ఆరాధనలో ప్రభువు బల్ల రొట్టె నా దాకా వచ్చింది. ముట్టుకోలేక పక్కాయనకి అందించేశాను. సోమవారం ఆ రైతు ఇంటికెళ్లి తేడా డబ్బులిస్తే, లెక్కపెట్టుకుని లోపల పెట్టుకున్నారు. కూర్చోమని కూడా అనలేదు.

అందుకే శాంపిల్ నువ్వు తియ్యకు. వలలో మూడు చోట్ల నుంచి రైతునే తియ్యమను. రెండోసారి వాళ్ల మనిషి చేత లెక్కపెట్టించు. నీళ్లు కారిపోయాకే తూకం వెయ్యి, కంపెనీ కూడా మోసపోకూడదు కదా. బైబిల్లో సామెతలు 11:1లో దొంగత్రాసు సంగతి చదివినప్పుడల్లా అది చెరువు గట్టు మీద కూర్చుని రాసినట్టే ఉంటుంది నాకు.

ఆదివారం పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టే పని, వస్తే? ముందే అనుకున్నదైతే రోజు మార్చమని అడుగు, చాలామంది మారుస్తారు. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు తగిలిన చెరువు మాత్రం సోమవారం దాకా ఆగదు. చీకటితోనే పట్టించి, స్నానం చేసి ఆరాధనకు వెళ్లు. మా పెద్దల్లో కొందరు దీనికి ఒప్పుకోరు. వాళ్లకి మత్తయి 12లో విశ్రాంతి దినాన గుంటలో పడ్డ గొర్రెను పైకి తీసే మాట గుర్తు చేస్తుంటాను.

సంక్రాంతికి కోడిపందేల బరికి పిలుస్తారు. వెళ్లకు, అలాగని ఉపన్యాసం ఇవ్వకు. "చూస్తే చెయ్యి ఆగదండీ, అందుకే రాను" అంటాను నేను. నా విషయంలో అది నిజమే కూడా. కనుమ నాడు భోజనానికి పిలిస్తే మాత్రం తప్పకుండా వెళ్లు. వడ్డించింది తిను, ఆరాలు తియ్యకు. ప్రసాదమని చెప్పి ఇస్తే "ఏమనుకోకండి, నేను తీసుకోనండీ" అని చేతులు జోడించు, ముఖం చిట్లించకు. పౌలు 1 కొరింథీయులకు పదో అధ్యాయంలో చెప్పింది దాదాపు ఇదే.

మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి, గోదావరి డెల్టా మిషన్ పనికి పునాది వేశారు. వాళ్లు లోకం అంటుకుంటుందని తలుపేసుకుని కూర్చుంటే మా తాతల దాకా సువార్త వచ్చేదా?

ఆ రైతు ఇప్పటికీ ప్రతి పంటకీ నన్నే పిలుస్తారు. శాంపిల్ మాత్రం ఆయనే తీసి, రెండుసార్లు లెక్కపెట్టుకుంటారు.