తుపాను కబురు రాకముందే జనరేటర్ బయటికి తీయండి

ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం మా ఇంట్లో జనరేటర్‌కే పోతుంది. మెట్ల కింద పాత పట్టా కప్పి ఉన్నదాన్ని బయటికి లాగి, ఎండలో పెట్టి, తాడు లాగి చూస్తాను. అక్టోబరు, నవంబరు ఎలాంటి నెలలో విశాఖవాళ్లకి వేరే చెప్పాలా?

ఈ అలవాటు నాకు హుద్‌హుద్ తుపాను నేర్పింది. 2014లో అది అండమాన్ వైపు పుట్టి అక్టోబరు 12న మన మీద పడేలోపు నాలుగైదు రోజులు టైమ్ దొరికింది. నేను మాత్రం ముందురోజు రాత్రి జనరేటర్ తీశాను. ముప్ఫైసార్లు తాడు లాగినా దగ్గడమే కానీ అందుకోలేదు. పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ నిండా బంక. గాలివాన వెలిశాక రెండో రోజుకి ఒక మెకానిక్ దొరికాడు. బాగుచేసి, మళ్లీ వానొస్తే తడుస్తుందని వెనక వరండాలో గ్రిల్‌కి ఆనించి పెట్టి వెళ్లాడు. గంట తిరిగేసరికి అమ్మకి తలనొప్పి, వాంతులు. నిద్రలేక అనుకున్నాం. పక్కింటాయన లోపలికి వస్తూనే "ఏటి బాబూ, పొగంతా ఇంట్లోకే కొడతంది కదా!" అని అరిచి దాన్ని ఆపించాడు. అమ్మని బయట గాలిలో కూర్చోబెట్టాక గానీ తేరుకోలేదు.

కాబట్టి రిపేరు కంటే ముందు, దాన్ని ఎక్కడ పెడతారో తేల్చుకోండి. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వాసన రావట్లేదు కదా అని ధీమా పడటానికి లేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, ఒళ్లు తూలడం కనిపిస్తే ముందు అందరూ బయటికి వచ్చేయాలి, తర్వాత 108కి ఫోన్ చేయాలి. నిద్రలో ఉన్నవాళ్లకి ఆ తలనొప్పి కూడా తెలియదు, అలాగే ప్రాణం పోవచ్చు. ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, సైలెన్సర్ మూతి కిటికీల వైపు కాకుండా పెట్టాలి. బాల్కనీ, సెల్లారు, మెట్ల కింద, షట్టరు సగం ఎత్తిన షాపు, ఇవేవీ పనికిరావు. కిటికీలు తీసి ఫ్యాను వేసినా సరిపోదు. వానకి తడుస్తుందనుకుంటే ఆరుబయటే నాలుగు కర్రలు పాతి, పైన రేకు వేసి, నాలుగువైపులా తెరిచి ఉంచండి. అపార్ట్‌మెంట్‌లో అంత జాగా లేనివాళ్లకి నా సలహా ఒక్కటే: జనరేటర్ అమ్మేసి ఇన్వర్టర్ కొనుక్కోండి.

రెండో ప్రమాదం వైరింగ్‌లో ఉంది. రెండువైపులా పిన్నులున్న వైరు ఒకటి చేసి, ఒక కొస జనరేటర్‌కి, రెండో కొస గోడ ప్లగ్గుకి గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్లని చాలామందిని చూశాను. అదేదో తెలివైన పని అనుకుంటారు. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ 230 వోల్టులు వీధి లైన్‌లోకి ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి వెళ్లి 11,000 వోల్టులవుతాయి. తుపాను తర్వాత స్తంభం ఎక్కేవాడు లైన్‌లో కరెంటు లేదనుకునే చేయి వేస్తాడు. పోనీ మెయిన్ ఆపారే అనుకుందాం, ఆ వైరు గోడ నుంచి ఊడితే బయట ఉన్న పిన్నుల్లో కరెంటు ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటారు. ఇంటి వైరింగ్‌కి కలపాలంటే ఇంటిని వీధి లైన్ నుంచి తప్పించి జనరేటర్‌కి కలిపే, ఫేజు, న్యూట్రల్ రెండూ మార్చే చేంజోవర్ స్విచ్ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోవాలి, ఎర్తింగ్ చూపించుకోవాలి. అంత ఖర్చు ఎందుకు అనుకుంటే నేను చేసినట్టు చేయండి: జనరేటర్ నుంచి నేరుగా ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, మూడు పిన్నులది. దాన్ని చుట్ట చుట్టి వాడకండి, వేడెక్కుతుంది. తడి నేల మీద జాయింట్లు ఉండకూడదు.

ఇక రిపేరు. ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీసి పక్కన పెట్టండి, మీ చేయి లోపల ఉండగా ఇంజిన్ అందుకోకుండా. పాత జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఎక్కువసార్లు తప్పు పెట్రోలుదే. నెలల తరబడి నిలవున్న పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అంటే జెట్‌లో, బంకగా గడ్డకడుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమని లాక్కుంటుంది, పాత రకం రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. మన ఊరి గాలిలో తేమకి కొదవా! ట్యాంకు, కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్ పూర్తిగా ఖాళీ చేసి, పైపు పగిలినా ఉబ్బినా మార్చేయండి. జెట్‌ని కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో కడగాలి, పిన్నీసుతో పొడవకూడదు. రంధ్రం ఒక్క వెంట్రుకవాసి పెద్దదైనా ఇంజిన్ మళ్లీ దారికి రాదు. చోక్ లాగి ఉంచితేనే నడుస్తోందంటే జెట్ ఇంకా మూసుకునే ఉందని అర్థం.

ఆయిల్ మట్టం ఎప్పుడూ సమానమైన నేల మీదే చూడాలి. ఆరు నెలలకో, వంద గంటలకో, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. చిన్న ఇంజిన్లలో పట్టేదే అర లీటరు చిల్లర, దానికి కక్కుర్తి పడకండి. ఎయిర్ ఫిల్టర్ ఫోమును సబ్బు నీళ్లలో ఉతికి ఆరబెట్టాలి, చాలా మోడళ్లలో ఆ తర్వాత కాస్త ఇంజిన్ ఆయిల్ పట్టించి పిండాలి. ప్లగ్ గ్యాప్ సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. స్పార్క్ చూసేటప్పుడు మాత్రం ప్లగ్‌ని దాని రంధ్రం దగ్గర పట్టుకోకండి, లోపలి నుంచి పెట్రోలు ఆవిరి వస్తూంటుంది.

బీచి దగ్గర, పెదవాల్తేరు, భీమిలి వైపు ఉండేవాళ్లకి ఇంకో బాధ: ఉప్పుగాలి. టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము, వైండింగ్‌లో, అంటే లోపలి రాగితీగ చుట్టల్లో, చెమ్మ. వైండింగ్ షాపులో ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూపించండి, ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆరబెట్టకుండా నడపకూడదు. ఇంజిన్ తిరుగుతోంది, బల్బు వెలగట్లేదు అంటే కెపాసిటరో, వోల్టేజీని అదుపులో ఉంచే ఏవీఆరో, బ్రష్షులో పోయి ఉంటాయి, లేదా చాన్నాళ్లు వాడక లోపల తిరిగే రోటర్‌లో మిగలాల్సిన కాస్త అయస్కాంతశక్తి కూడా పోయి ఉంటుంది. బ్యాటరీ తగిలించి దాన్ని తిరిగి తెప్పించే చిట్కా ఒకటుంది, అది తెలిసినవాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. ఆపిన తర్వాత కూడా కెపాసిటర్ షాక్ కొడుతుంది.

వోల్టేజీ తక్కువుందని ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగ్ బిగించి రేజింగ్ పెంచే మెకానిక్‌లు ఉన్నారు. వద్దనండి. ఇలాంటి జనరేటర్లు చాలావరకు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ కరెంటు ఇస్తాయి. రేజింగ్ పెంచితే మీటరులో అంకె బాగుంటుంది, ఫ్రిజ్జు కాలిపోతుంది.

ట్రయల్ అంటే తాడు లాగి "ఆ, అందుకుంది" అని ఆపేయడం కాదు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు వేసి అరగంట నడపండి, మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. 1 కేవీఏ మిషను అంటే నమ్మకంగా ఆరేడు వందల వాట్లే. ఒక హార్స్‌పవర్ బోరు మోటారు దాని మీద పెట్టకండి, స్టార్టింగ్‌లో మోటారు దాని మామూలు కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది. అందుకే తుపానుకి ముందురోజే ట్యాంకు నిండా నీళ్లు ఎక్కించుకోవాలి.

పెట్రోలు విషయంలో హుద్‌హుద్ తర్వాత బంకుల ముందు క్యూలు చూసినవాళ్లు ఇంట్లో డబ్బాల కొద్దీ దాచాలనుకుంటారు. లైసెన్సు లేకుండా 30 లీటర్లు మించి ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ కొంచెం కూడా గట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలో ఉండాలి, కూల్‌డ్రింక్ సీసాల్లో కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకి వంటింటి పొయ్యి దాకా పోతుంది. నడుస్తున్న మిషన్లో పోయకండి. ఆపి, పావుగంట చల్లారనిచ్చి, టార్చిలైటు వెలుగులో పోయండి. కొవ్వొత్తి ఆ దరిదాపుల్లో ఉండకూడదు. దీపావళి కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది, పిల్లలకి గట్టిగా చెప్పండి.

డిసెంబరు దాటాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి. చల్లారాక ప్లగ్ తీసి సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి, ప్లగ్ బిగించి, తాడు మెల్లగా లాగి గట్టిగా తగిలిన చోట వదిలేయండి. అక్కడ వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, చెమ్మ లోపలికి పోదు. మా దాని మీద ఆయిల్ మార్చిన తేదీ మార్కర్‌తో రాసి ఉంటుంది. దాని కిందే "వరండాలో పెట్టొద్దు" అని అమ్మ రాయించింది.