భూమిలో వేడిని వెతుకుదాం – 4వ పాఠం: దీవి మీద ఎంటీ సర్వే

పోయిన పాఠంలో గురుత్వ సర్వే చూశాం. ఈసారి మాగ్నెటోటెల్లూరిక్స్. పేరు నోరు తిరగదు, అందుకే అందరూ ఎంటీ అంటారు.

సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి, ఎక్కడెక్కడో పడే పిడుగులు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కదుపుతూనే ఉంటాయి. ఆ కదలికకు నేలలో సన్నటి కరెంటు పుడుతుంది. రెండింటినీ ఒకేసారి కొలిస్తే రాయి నిరోధకత, అంటే అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో, తెలుస్తుంది.

నాలుగు దిక్కులా గుంటలు తీసి, తడిపిన బంకమట్టిలో ఎలక్ట్రోడ్లు కూర్చోబెట్టండి. అయస్కాంత కాయిల్‌ను మట్టిలో పాతండి. తీగ పొడవునా మట్టిపెళ్లలు పెట్టడం మరిచిపోవద్దు. తీగ గాలికి ఊగితే రికార్డంతా గోలే. రాత్రంతా వదిలేసి పొద్దున్నే తీయండి.

ఎంత లోతు కనిపిస్తుంది? ఈ సూత్రం కంఠతా పట్టండి:

లోతు (మీటర్లు) ≈ 503 × √(నిరోధకత × ఆవర్తన కాలం)

నిరోధకత ఓమ్-మీటర్లలో. ఆవర్తన కాలం అంటే తరంగం ఒకసారి ఊగడానికి పట్టే సెకన్లు.

ఈ లోతుకు చేరేసరికి తరంగం బలం సుమారు 37 శాతానికి పడిపోతుంది. 100 ఓమ్-మీటర్ల రాతిలో 1 సెకను తరంగానికి ఇది 5 కిలోమీటర్లు. అదే తరంగానికి సముద్రపు నీటిలో (0.3 ఓమ్-మీటర్లు) 275 మీటర్లే. దీవి మీద చిక్కు ఇక్కడే. చుట్టూ ఉన్న నీరు కరెంటును తనవైపు లాక్కుంటుంది, ఒడ్డు దగ్గరి కొలతలు వంకర పోతాయి. కాబట్టి సముద్రాన్ని, దాని లోతుతో సహా, మోడల్‌లో పెట్టాల్సిందే.

కొత్తవాళ్లు పొరబడేది ఇంకోచోట. మ్యాపులో 1–10 ఓమ్-మీటర్ల ఎర్రమచ్చ కనబడగానే 'అదిగో వేడి' అంటారు. అది వేడి నీటి మీది మూత. సుమారు 200 డిగ్రీల లోపు రాయి స్మెక్టైట్ మట్టిగా మారి కరెంటును బాగా పోనిస్తుంది. అంతకన్నా వేడెక్కితే ఇల్లైట్, క్లోరైట్ అనే వేరే ఖనిజాలు వస్తాయి, నిరోధకత మళ్లీ పెరుగుతుంది. వేడి నీటి కోసం తవ్వే బావి గురి మూత కింద, ఆ పెరిగేచోట. పైగా వేడి ఎప్పుడో చల్లారినా మట్టి మిగిలే ఉంటుంది, ఉప్పునీటిలో నానిన చల్లటి రాయీ అలాగే కనిపిస్తుంది. అందుకే నేను ఎంటీ ఒక్కదాన్నే నమ్మి బావి చోటు చెప్పను. వేడి ఊటల రసాయన పరీక్ష పక్కన ఉండాలి.

కరీబియన్‌లోని మోంట్‌సెరాట్‌లో 1995లో సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం బద్దలవడం మొదలైంది. అక్కడ ఎంటీ సహా సర్వేలు చేశాకే 2013లో రెండు బావులు తవ్వారు. రెండూ 2 కిలోమీటర్ల లోతు దాటాయి, రెండింటిలోనూ 200 డిగ్రీలు మించిన వేడి దొరికింది.

అభ్యాసం: మట్టి మూత 5 ఓమ్-మీటర్లు, మందం 1 కిలోమీటరు. దాని కిందేముందో తెలియాలంటే 1 సెకను తరంగం చాలుతుందా, 10 సెకన్లది కావాలా? లెక్క కట్టి ఉంచండి, 5వ పాఠం అక్కడి నుంచే.